రాతి మీద సూర్యుడూ చంద్రుడూ ఎందుకుంటారు?

ఒక సున్న చుట్టి మధ్యలో చుక్క పెడితే దానికి అర్థమేమిటి? గైడ్స్‌లో ఉన్న మన అమ్మాయిలైతే ఠక్కున చెప్పేస్తారు, "నేను ఇంటికి వెళ్ళిపోయాను" అని. దారి గుర్తుల ఆటలో ఆఖరి గుర్తు అది. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ సమాధి కెన్యాలోని న్యేరిలో ఉంది, దాని మీదా ఇదే గుర్తు చెక్కారు. సర్వే పని తెలిసినవాళ్ళను అడిగితే ఇంకో జవాబు వస్తుంది. కొండ మీద బండపై సున్నా చుక్కా ఉంటే ఒకప్పుడు అక్కడ కొలత యంత్రం నిలబెట్టారని అర్థం. మా అవ్వ వాళ్ళ ఊళ్ళో అడిగితే మూడో జవాబు: "కింద లంకెబిందెలు ఉన్నాయి."

గుర్తు ఒకటే, చదివేవాళ్ళు ముగ్గురు. మొదటి ఇద్దరికీ ఒక లాభం ఉంది. ఆ గుర్తు ఎవరు పెట్టారో, ఎవరి కోసం పెట్టారో వాళ్ళకు తెలుసు. మూడోవాడికి అది తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు, చేతిలో గడ్డపార మాత్రం ఉంటుంది. ఈ వ్యాసం ఆ గడ్డపార గురించీ, దాని కింద పడుతున్న రాళ్ళ గురించీ. శాసన భాష పాఠం ఈ ఏడాది మనకు ఉంది కాబట్టి, పరీక్షకు కూడా కొంచెం పనికొస్తుందనే ఆశతో రాస్తున్నాను.

ముందు మాటతో మొదలుపెడదాం. మా నాన్నది కోలారు వైపు కన్నడం, అమ్మది హిందూపురం దగ్గర పల్లె. మా ఇంట్లో "కల్లు" అంటే నాన్నకు రాయి, అమ్మకు తాగేది. చిన్నప్పుడు దీని మీద మా ఇంట్లో చాలా నవ్వులు నడిచాయి. నిజానికి తెలుగులో కూడా కల్లు అంటే రాయే. పెళ్ళిలో తొక్కే సన్నికల్లు చూడండి. ఓరుగల్లు చూడండి, ఒంటి రాయి, అందుకే సంస్కృతంలో ఏకశిలా నగరం అన్నారు. గుంతకల్లు చూడండి. మాట్లాడే భాషలో మనం పోగొట్టుకున్న మాట ఊర్ల పేర్లలోనూ పెళ్ళి తంతులోనూ దాక్కుని ఉంది. వీరగల్లు అనే మాటలో కూడా ఉన్నది ఆ కల్లే: వీరుడి రాయి.

ఇక రాళ్ళ మీద కనిపించే గుర్తుల్లో నిధి వేటగాళ్ళు ఎక్కువగా మోసపోయేవి ఏవో చూద్దాం. మొదటివి అసలు రాతే కానివి. మన దక్కన్ బండల మీద చిన్న చిన్న గిన్నెల్లా గుంటలు, వేలు పట్టేంత పొడుగాటి నున్నని గాడులు కనిపిస్తాయి. ఈ గాడులు చాలావరకు కొత్త రాతియుగం మనుషులు రాతి గొడ్డళ్ళను అరగదీసిన చోట్లు. బళ్ళారి దగ్గర సంగనకల్లు, కుప్పగల్లు కొండల్లో ఇవి బోలెడు. అక్కడికి దగ్గరే కుడితిని బూడిద దిబ్బ. ఇలాంటి దిబ్బలను వాలిని దహనం చేసిన బూడిద అని కొన్నిచోట్ల జనం చెప్పుకుంటారు. తవ్వి చూసిన పురావస్తు శాస్త్రవేత్తలు ఇలాంటి దిబ్బలు వేల ఏళ్ళ కిందటి పశువుల పేడ కాలి పేరుకున్నవని తేల్చారు. వాలి కథ నాకు ఇష్టమే. కానీ పేడను అంత పెద్ద దిబ్బగా పోసి కాల్చిన ఆ మనుషులెవరో తెలుసుకోవాలన్న ఆసక్తి ఇంకా ఎక్కువ.

రెండో రకం, వరసగా ఉండే చిన్న చతురస్రపు రంధ్రాలు. "మెట్ల గుర్తు, ఇన్ని అడుగులు నడువు" అని వీటికి అర్థం చెప్పేవాళ్ళున్నారు. బండను చీల్చడానికి రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలితో తీసి చీలలు దిగ్గొట్టిన రంధ్రాలవి. చీల్చడం సగంలో ఆపేస్తే రంధ్రాలు అలాగే మిగిలిపోతాయి. మన బెంగళూరు ఇళ్ళకు పునాది రాళ్ళు, గోడ రాళ్ళు కొట్టిన చేతుల్లో చాలా భాగం వడ్డెర్లవి. ఇక్కడ బోవీలంటారు. వాళ్ళలో ఎంతోమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. అంటే ఆ "రహస్య గుర్తు" ఒక తెలుగు కూలీ ఒక పూట చేసిన పని.

మూడోది సర్వే రాయి. 1800లో విలియం లాంబ్టన్ బెంగళూరులో ఒక ఆధార రేఖ కొలిచాడు. అగర నుంచి బాణసవాడి వరకు, ఏడు మైళ్ళ పైచిలుకు. ఇప్పుడు ఆ గీత పొడుగునా ట్రాఫిక్కే. భారతదేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన ఆ మహా సర్వే తర్వాత కొండ శిఖరాల మీద సున్నా చుక్కల గుర్తులు చాలా మిగిలాయి. తెల్లదొర మనిషి కొండెక్కి, గుడారం వేసి, రాతి మీద ఏదో చెక్కి వెళ్ళిపోతే కింద ఉన్నవాళ్ళు ఏమనుకుంటారు? ఏదో దాచాడనే అనుకుంటారు. అనుమానంలో తప్పు లేదు. దాచింది అక్షాంశం, రేఖాంశం.

ఇప్పుడు అసలు పాఠం, వీరగల్లు. దీన్ని కింది నుంచి పైకి చదవాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం రాయి చదివినట్టే. మామూలుగా మూడు అంతస్తులుంటాయి. కింది అంతస్తులో పోరాటం: విల్లు, కత్తి, గుర్రం, ఒక్కోసారి ఆవుల మంద. ఆవులుంటే ఊరి పశువులను తోలుకుపోయే దొంగలతోనో పక్క రాజ్యం వాళ్ళతోనో పోరాడి చనిపోయాడని అర్థం. మధ్య అంతస్తులో అప్సరసలు వీరుణ్ణి రెండు వైపులా పట్టుకుని పైకి తీసుకెళ్తుంటారు. పై అంతస్తులో శివలింగం, దాని పక్కన పూజారి, వీరుడు కూర్చుని ఉంటాడు, స్వర్గం చేరాడన్న మాట. అన్నిటికీ పైన సూర్యుడు, చంద్రుడు. ఈ రెండూ ఉన్నంతకాలం ఈ కీర్తి, ఈ దానం ఉండాలని. అంతస్తుల మధ్య పట్టీల మీద అక్షరాలు. కొన్ని రాళ్ళకు అంతస్తులుండవు, ఒక్క బొమ్మే. కొన్నిటికి అక్షరాలే ఉండవు.

మా అవ్వ ఊరి వైపు వినిపించే "నిధి శాస్త్రం" ప్రకారం సూర్యుడున్న వైపు నుంచి చంద్రుడున్న వైపు తవ్వాలి. ఇంకా చాలా ఉన్నాయి. మాస్తికల్లు మీద గాజులేసుకున్న చెయ్యి పైకి లేచి ఉంటుంది కదా, ఆ చెయ్యి చూపించే దిక్కున పాతిక అడుగులు కొలవాలట. మాస్తి అంటే మహాసతి. భర్త చితిలో కాలిపోయిన ఆడమనిషి గుర్తు అది. ఆ గాజులు చెరిగిపోని ముత్తయిదువతనానికి గుర్తు. ఆ రాయిని పూజించాలా వద్దా అన్నది వేరే చర్చ, మనం క్లాసులో గట్టిగానే వాదించుకున్నాం. కానీ ఒక మనిషి మంటలో పోయిన గుర్తును దారి చూపే బోర్డులాగా వాడుకోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

తన తలను తానే కోసుకుంటున్న వీరుడి బొమ్మలు కూడా ఉంటాయి. దేవుడికి ప్రాణం అర్పించినవాళ్ళవి. శ్రీశైలంలో వీరశిరోమండపం ఉన్నది ఆ ఆచారం వల్లే. నిధి పిచ్చివాళ్ళు ఈ బొమ్మకు "ఇక్కడ నరబలి ఇస్తేనే నిధి దక్కుతుంది" అని అర్థం చెప్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి. కర్ణాటక 2017లో చేసిన చేతబడి నిరోధక చట్టంలో, నిధి కోసం చేసే అమానుష కృత్యాలు కూడా నేరాల జాబితాలో చేరాయి. ఊరికే చేర్చి ఉండరు.

దానం రాళ్ళ గుర్తులు త్వరగా చెప్పేస్తాను. గొడుగు, కమండలం పట్టుకున్న వామనుడు ఉంటే బ్రాహ్మణులకిచ్చిన భూమి హద్దు. లింగం ఉంటే శివాలయం మాన్యం, చక్రం ఉంటే విష్ణాలయానిది, ఒకదాని మీద ఒకటి మూడు గొడుగులుంటే జైనులది. ఆవూ దూడా ఉంటే దానం. గాడిద, పంది ఉంటే ఆ దానాన్ని చెడగొట్టేవాడికి తిట్టు. చదువు రానివాడికి కూడా తెలియాలని బొమ్మల్లో పెట్టిన తిట్టు అది. పాము బొమ్మలు వేరు. రావిచెట్టు కింద జంట పాముల రాళ్ళు పిల్లల కోసం మొక్కుకుని పెట్టినవి. 2011లో తిరువనంతపురం పద్మనాభస్వామి గుడి నేలమాళిగలు తెరిచినప్పటి నుంచి మన టీవీ చానెళ్ళ పుణ్యమా అని నాగబంధం అనే మాట ఇంటింటికీ చేరింది. పాపం, రావిచెట్టు కింది పాములు కూడా అనుమానితుల జాబితాలో చేరిపోయాయి.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగి తర్కంగా ఆలోచిద్దాం. రాయి మీద గుర్తు చెక్కి, చెరువు కట్ట మీదో ఊరి మధ్యలోనో నిలబెట్టేది ఎందుకు? నలుగురూ చూడాలని. డబ్బు పాతిపెట్టేది ఎందుకు? ఒక్కరూ చూడకూడదని. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే చోట చేస్తాడా? లంకెబిందెలు దొరకవని నేననను, దొరుకుతాయి. 1891లో యశ్వంతపురం దగ్గర రైలు మార్గం పనుల్లో రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. 1965లో హెచ్‌.ఏ.ఎల్. విమానాశ్రయం వైపు మళ్ళీ రోమన్ నాణేలే దొరికాయి. రెండుసార్లూ అవి కనిపించింది వేరే పని మీద తవ్వుతున్నవాళ్ళకు. గుర్తులు చదివి పోయినవాళ్ళకు కాదు.

గుర్తులు నమ్ముకుని తవ్వితే ఏమవుతుందో చెప్పడానికి మన వైపే పెద్ద ఉదాహరణ ఉంది. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో నిధి ఉందని తవ్వకాలు మొదలుపెట్టారు. దొంగతనంగా కాదు, ప్రభుత్వ అనుమతితోనే, అధికారులు దగ్గరుండి. పేపర్లన్నీ రోజూ రాశాయి. బయటపడింది ఎముకలు, ఇటుకలు. తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో తొలకరి వానలకు వజ్రాలు దొరకడం నిజమే కాబట్టి అక్కడి జనం ఆశపడటం నాకు అర్థమవుతుంది. కానీ అదే జొన్నగిరికి దగ్గర్లో ఎర్రగుడి ఉంది, అశోకుడి శాసనాలున్న బండలు. 1920ల చివర్లో ఖనిజాల కోసం తిరుగుతున్న ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడే దాకా వాటి సంగతి లోకానికి తెలియదు. రెండు వేల రెండు వందల ఏళ్ళ నాటి రాత ఎండలో బయటే పడి ఉంది.

2019 జూలైలో ఆనెగొంది దగ్గర నవబృందావనంలో వ్యాసరాయల బృందావనాన్ని రాత్రికి రాత్రి పగలగొట్టారు. నిధి కోసమే. వందల మంది భక్తులు వచ్చి వెంటనే మళ్ళీ నిలబెట్టుకున్నారు, పోలీసులు నిందితులను పట్టుకున్నారు. పెద్ద స్వామివారిది కాబట్టి అంత మంది వచ్చారు. ఊరి చివర పేరు తెలియని వీరుడి రాయి పగిలితే ఎవరొస్తారు?

మా అవ్వ వాళ్ళ ఊళ్ళో ఎవరూ రాలేదు. చెరువు కట్ట మీద ఒక వీరగల్లు ఉండేది. ఉగాదికి ఆడవాళ్ళు దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేవాళ్ళు. పేరేమిటని అడిగితే "వీరన్న" అనేవాళ్ళు, అంతకు మించి ఎవరికీ తెలియదు. రెండేళ్ళ కిందట ఒక అమావాస్య మర్నాడు చూస్తే నిలువెత్తు గొయ్యి, రాయి రెండు ముక్కలు, నాలుగు నిమ్మకాయలు. గొయ్యిలో ఏమీ దొరికినట్టు లేదు. పై ముక్కను గుడి గోడకు ఆనించి పెట్టారు. కింది ముక్క, అంటే పోరాటమూ అక్షరాలూ ఉన్న ముక్క, ఎక్కడా కనిపించలేదు. మా అవ్వ ఆ పూట పొయ్యి వెలిగించలేదని అమ్మ చెప్పింది.

ఆ అక్షరాలను ఎవరైనా అచ్చు తీశారేమోనని వెతికాను. అచ్చు తీయడమంటే తడి కాగితాన్ని రాతి మీద బ్రష్‌తో కొట్టి అతికించి, సిరా అద్ది అక్షరాలను కాగితం మీదికి ఎక్కించుకోవడం. ఆ రాయికి అలాంటిదేమీ దొరకలేదు. దొరికిందల్లా మా పెద్దమామ పెళ్ళి కాకముందు తీయించుకున్న ఒక ఫోటో. రాయికి ఆనుకుని, ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని స్టయిల్‌గా నిలబడ్డాడు. అక్షరాల పట్టీని ఆయన నడుము మూసేసింది. ఎడమ అంచున మాత్రం మూడు అక్షరాలు కనిపిస్తాయి. స్కాన్ చేసి పెద్దది చేసి మన మేడం గారికి చూపించాను. "స్వస్తి శ్రీ" అన్నారు. దాదాపు ప్రతి శాసనం మొదలయ్యేది ఆ మాటతోనే. ఆ తర్వాత రావలసింది రాజు పేరు, ఏడు, యుద్ధం, ఆ చచ్చిపోయినవాడి పేరు. మామను ఒక్క అడుగు పక్కకు జరగమని ఆ ఫోటోగ్రాఫర్ అని ఉంటే బాగుండేది.

అక్షరాలు పోతే పోయేది ఎంతో బేగూరు రాయి చూస్తే తెలుస్తుంది. బెంగళూరు పేరు ఎలా వచ్చిందంటే అందరూ చెప్పే కథ ఒకటుంది. హొయ్సళ రాజు వీర బల్లాళుడు అడవిలో దారి తప్పితే ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందని, అందుకే ఇది బెందకాళూరు అయిందని. వీర బల్లాళుడు పన్నెండో శతాబ్దం చివరివాడు. బేగూరు నాగేశ్వర గుడి దగ్గరున్న వీరగల్లు సుమారు 890 నాటిది, గంగరాజుల కాలం. అందులో "బెంగళూరు కాళగం"లో చనిపోయిన ఒక వీరుడి ప్రస్తావన ఉంది. కాళగం అంటే యుద్ధం. ముసలమ్మ గింజలు ఉడికించడానికి మూడు వందల ఏళ్ళ ముందే ఊరికి ఆ పేరుంది! ఆ రాయిని ఎవడైనా నిధి కోసం పగలగొట్టి ఉంటే ఇవాళ కూడా మనం గింజల కథే పరీక్షలో రాస్తుండేవాళ్ళం.

హెబ్బాళలో 2018లో కాలువ పనులప్పుడు బయటపడ్డ కిత్తయ్య రాయి ఇంకా పాతది, సుమారు 750. గంగరాజు శ్రీపురుషుడి కాలంలో రాష్ట్రకూటుల దాడిలో పోరాడి చనిపోయినవాడు కిత్తయ్య. మనం బస్సులో రోజూ ఫ్లైఓవర్ ఎక్కి దాటిపోయే ఊరు అది. కస్తూర్బా రోడ్డు ప్రభుత్వ మ్యూజియంలో ఆతకూరు రాయి ఉంది, సుమారు 950 నాటిది. అది ఒక కుక్క కోసం పెట్టినది. కుక్క పేరు కాళి. రాజు బూతుగుడు తన వీరుడు మనలేరుణ్ణి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే ఆ కుక్కను ఇమ్మన్నాడట. అది ఒక పెద్ద అడవి పందితో కలబడింది, రెండూ చచ్చిపోయాయి. దాని పేర రాయి నిలబెట్టి, పూజకు భూమి కూడా ఇచ్చారు. కుక్కా పందీ కలబడుతున్న ఆ బొమ్మకు నిధి శాస్త్రం ఏమి అర్థం చెప్పేదో నేను ఊహించుకోదలచుకోలేదు.

తెలుగు చదివేవాళ్ళు ఈ రాళ్ళకు దూరంగా ఉండాల్సిన పని లేదు. ఆ కాలానికి తెలుగు, కన్నడ లిపులు ఇంకా విడిపోలేదు. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుడు ధనంజయుడి శాసనాన్ని, అంటే 575 నాటి మన మొదటి తెలుగు శాసనాన్ని, చదవడం నేర్చుకున్న కన్నుకు బేగూరు అక్షరాలు పూర్తిగా పరాయివి కావు. 1905లో బి.ఎల్. రైస్ బెంగళూరు జిల్లా శాసనాలను ఎపిగ్రాఫియా కర్ణాటికా తొమ్మిదో సంపుటంగా అచ్చు వేశాడు. ఆయన పుట్టింది కూడా బెంగళూరులోనే. ఆయన చూసిన రాళ్ళలో చాలా ఇప్పుడు లేఅవుట్ల కింద, డ్రైనేజీల కింద పోయాయి. మిగిలినవాటిని నృపతుంగ రోడ్డులోని మిథిక్ సొసైటీ 2021 నుంచి త్రీడీ స్కాన్ చేయిస్తోంది. రాయి పగిలినా, అక్షరం మిగులుతుంది.

స్కానర్ మన దగ్గర లేదు, ఫోన్ ఉంది. మీ ఊళ్ళో రాయి కనిపిస్తే ఇలా చేయండి. సుద్దముక్కతో, పిండితో అక్షరాలు నింపకండి, నూనె రాయకండి. సాయంత్రం చీకటి పడ్డాక టార్చిని రాయికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే ఏటవాలు వెలుతురులో పగలు కనిపించని అక్షరాలు లేస్తాయి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫోటోలు. పక్కన స్కేలు పెట్టండి. ముందు ఎవర్నీ నిలబెట్టకండి. రాయి ఎక్కడుందో తేదీతో సహా రాసుకోండి, కానీ ఆ చోటు ఇన్‌స్టాలో పెట్టకండి. నేల కింద ఏదైనా నిజంగానే బయటపడితే దాచుకోవడం నేరం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు చెప్పి తీరాలి. కర్ణాటక 1962లో తన చట్టం తాను చేసుకుంది.

వచ్చే రెండో శనివారం మేడం గారితో కలిసి బేగూరు వెళ్తున్నాం. గుడి దగ్గర సాయంత్రం ఏడు దాకా ఉంటాం కాబట్టి ఇంట్లో ముందే చెప్పి రండి. టార్చిలు మూడే ఉన్నాయి, ఇంకో రెండు కావాలి. పేర్లు ఈ కాగితం కింద పెన్సిల్‌తో రాయండి.